ముద్ర పడలేదు

కాశీబుగ్గ బస్టాండు ఎదుట
మూడొందల యాభైకి కొన్నాను దీన్ని.
మూత రెండో రోజే పోయింది.
తమ్ముడి సైకిలు ట్యూబు ముక్క తొడిగి
తాళాల గుత్తికి కట్టుకున్నాను.
చూసినవాళ్ళు సినిమా పాటలనుకుంటారు.
అనుకోనీ.

ఇందులో ఒక కంప్యూటరుంది.
పెట్టె లేదు, తెర లేదు, మీటలు లేవు,
మిగతాదంతా ఉంది.
కథల్లో పరకాయ ప్రవేశమంటారే,
టెక్కలి పాలిటెక్నిక్కులో ఉన్న రెండేళ్ళలో
నాకు ఒంటబట్టింది అదొక్కటే.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి
గుమస్తా బెహరా గారు మజ్జిగన్నం తిని
బల్ల మీద తువ్వాలు పరుచుకుంటారు.
గురక మొదటి మెలిక తిరిగాక
ఫ్యాక్టరీ కంప్యూటరు వెనక్కి చెయ్యి పోనిచ్చి
బూజులో కన్నం వెతుకుతాను.
ఎఫ్ పన్నెండు, ఎఫ్ పన్నెండు, ఎఫ్ పన్నెండు,
వడ్రంగిపిట్టలా.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు
చీమలబారులా కిందికి పరిగెడతాయి.
ఏవో దొరికాయంటాయి, ఏవో సరేనంటాయి.
అప్పుడు నా తెర వస్తుంది.
బెహరా గారి వెంకన్న బొమ్మ ఉండదు.
నా నీలం రంగు, నా తెలుగు మీటలు,
నిన్న సగంలో ఆపిన అంకె పక్కనే
రెప్పలాడిస్తూ గీత.
ఆయన డిస్కు లోపల పడుకునే ఉంటుంది
ఆయన లాగే.
దాని జోలికి పోను.
పొరుగింటి పొయ్యి మీద వండుకుని
బూడిద కూడా ఎత్తుకుపోయే మనిషిని.

మా అమ్మ పేరు దాలమ్మ.
ఇరవై రెండేళ్ళు పిక్కలు కొట్టింది.
ఆముదం రాసినా, బూడిద పూసినా
వేళ్ళ మీద గీతలన్నీ జీడి తినేసింది.
రేషను డిపోలో వేలు పెడితే
ముద్ర పడలేదంటాది మిషను.
బొటనవేలు, చూపుడువేలు, ఎడమచెయ్యి, మళ్ళీ కుడి.
"ఇక్కడే ఉన్నాను బాబూ" అంటాది అమ్మ,
డీలరుతో కాదు, మిషనుతో.

జాడ మిగలకపోవడం అమ్మకి శిక్ష,
నాకేమో విద్య.
ఒకే ఇంట్లో ఇదేం వాటానో.

నలభై రెండు మంది.
సాయంత్రం తూకం అయ్యాక
మెట్ల కింద నా చెవిలో చెప్పి పోతారు.
గున్నమ్మ తొమ్మిది కిలోల ముప్పావు.
ఎండమ్మ ఏడున్నర, తరుగు కిందికి అరకిలో,
ఎందుకో చెప్పలేదు.
మర్నాటి గురకదాకా అవన్నీ
నా తలలో మోస్తాను.

ఒకసారి కరెంటు పోయింది.
దాచుకోని పదకొండు పేర్లు
తెరతోపాటు ఆరిపోయాయి.
మెట్ల కిందికెళ్ళి అడిగాను, సిగ్గుపడుతూ.
ఒక్క గ్రాము తేడా లేకుండా అందరూ అప్పజెప్పారు.
తవిటమ్మయితే ఆ రోజు తరుగుని
తిట్టుతో సహా.

ఆరు కాగితాలయ్యాయి.
నెట్ సెంటర్లో కాగితానికి రెండు రూపాయలు.
శనివారం కూలి లెక్కల వేళ
అమ్మ వాటిని బల్ల మీద పెట్టింది.
యజమాని ఒకటి తిప్పాడు, ఇంకోటి తిప్పాడు.
"ఏ కంప్యూటర్లో కొట్టించినారివి?"
బెహరా గారు తనది తెరిచి
ప్రతి అరా గాలించారు.
వెంకన్న నవ్వుతున్నాడు.
నా గుత్తి నా గుప్పిట్లో
చెమటకి జారుతోంది.

ఆ వారం తరుగు తియ్యలేదు.
వచ్చే వారం సంగతి తెలీదు.
"అయితే నిశానీలు వెయ్యండి, చూస్తాను
ఇందులో ఎవరెవరున్నారో" అన్నాడు.

అమ్మ ముందు వేసింది.
గీతల్లేని నల్లటి గుండ్రం.
దాని కింద నలభై ఒకటి,
అన్నీ నున్నగా, అన్నీ ఒకేలా.
ఏది ఎవరిదో
ఏ మిషన్నైనా తెచ్చి
చెప్పమనండి.